పేరు వద్దన్న దాత

ఆ ప్రైవేటు బడి పెద్దమేడం ఎవరినీ ఓ పట్టాన నమ్మదు. కొత్త ప్రయోగశాలకో, పేదపిల్లల ఫీజులకో విరాళమిస్తామని ఎవరొచ్చినా కళ్లజోడు ముక్కు చివరికి జార్చి ఎగాదిగా చూస్తుంది. ఊరికే ఇచ్చేవాడి వెనక ఒక సీటో, గోడ మీద శిలాఫలకమో ఉండి తీరుతుందని ఆమె నమ్మకం. మొన్న ఇనుప సామాన్ల వ్యాపారి వచ్చి రెండు ఖర్చులూ తనవేనన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. దాంతో ఆమె అనుమానం రెట్టింపయింది.

“సీటు ఎవరికండీ?”

“ఎవరికీ వద్దమ్మా. ఆ పిల్లల్ని స్టేజీ ఎక్కించి దాతలకు దండాలు పెట్టించకండి, చాలు. చిన్నప్పుడు నాచేత పెట్టించారు.”

వార్షికోత్సవానికి ఆ ఏర్పాటు అప్పటికే జరిగిపోయింది. ఆమె చూపు దించుకుని సరేనంది. అతను మెట్లు దిగగానే గుమాస్తాను పిలిచింది.

“పిల్లల్ని స్టేజీ మీదకి పిలవొద్దు,” అని, గొంతు తగ్గించింది. “అలాగే ఈయన మతలబేమిటో కాస్త కనుక్కోండి.”