రాజేశ్వర్ కుట్టిన మెడపట్టీ

ఈ అరబ్బు దేశంలో అల్ ఐన్ చుట్టుపక్కల తోటల్లో సలూకీ కుక్కను పెంచేవాళ్లను అడగండి, దానికి మొదట కావలసిన సామాను ఏమిటని. గిన్నె అనరు, పడక అనరు. "రాజేశ్వర్ పట్టీ" అంటారు. ఆ రాజేశ్వర్ నా పక్క మంచం మనిషి. ఈ మాట చెప్పుకోవడం నాకు ఎంత గర్వమో! ఇంకెవరైనా చెబితే సగం తప్పులు చెబుతారని ఈ కథ నేనే చెబుతున్నాను.

నా పేరు ఖాదర్ హుస్సేన్. మాది రాయచోటి. ఈ ఖర్జూరం తోటలో పద్దెనిమిదేళ్లుగా వంట చేస్తున్నాను. రాజేశ్వర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. మఫ్రఖ్‌లో ఒక కంపెనీ క్యాంపులో మూడేళ్లు పనిచేసి 2019లో మా తోటకు వచ్చాడు. చెట్లకు నీళ్లు పెట్టడం, ఎండుమట్టలు కొట్టడం అతని పని. మాట తక్కువ. ఊళ్లో మీవాళ్లు ఏం చేస్తారని అడిగితే "ఎవుసం" అని ఒక్క ముక్క అనేసి లేచి వెళ్లిపోయేవాడు. వచ్చిన కొత్తలో పెట్టె సర్దుకుంటుంటే పాత ధోతి ముక్కలోంచి ఒక పరికరం జారి కిందపడింది. కొయ్యపిడి, కొనదేలిన ఇనుము. ఏమిటది అన్నాను. "దబ్బునం, భాయ్. సంచులు కుట్టేది" అంటూ గబగబా చుట్టేశాడు. గోనెసంచులు కుట్టే దబ్బనాన్ని అంత భద్రంగా ఎవరు దాచుకుంటారు? నేను వంటవాణ్ణే గానీ వెర్రివాణ్ణి కాను. అయినా ఊరుకున్నాను.

కరోనా కాస్త తెరిపిచ్చాక, 2021లో, మా అర్బాబ్ ఒక సలూకీ పిల్లను తెచ్చాడు. అర్బాబ్ అంటే ఇక్కడ యజమాని. సలూకీ అంటే ఈ ఎడారి మనుషులు తరతరాలుగా వేటకు పెంచుకునే కుక్క. సన్నటి మూతి, పొడుగు కాళ్లు, వీపుకు అంటుకుపోయిన పొట్ట. బర్క్ అని పేరు పెట్టాడు, అరబ్బీలో మెరుపు అని. తాడు తీసుకొచ్చి రాజేశ్వర్ చేతిలో పెట్టి, ఇక దీన్ని చూసుకునేది నువ్వే అన్నాడు.

మర్నాడు పికప్‌లో దాని సామాను దిగింది. పశువుల డాక్టరు జాబితా రాసిచ్చాడట. ఒలికిపోని బరువైన గిన్నెలు రెండు, తిండి బస్తా, నేల వేడి తగలకుండా ఎత్తు పడక, వెంట్రుకలు దువ్వే బ్రష్షు, ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల, సూదులు వేయించిన తేదీలు రాసే పుస్తకం, ఎండాకాలం ఇసుకలో తొడగడానికి నాలుగు బూట్లు, మెడపట్టీ, తాడు. నేను ఈ దేశం వచ్చిన రోజున నా దగ్గర ఇందులో సగం సామాను లేదు! ఆ గిన్నెలు నా వంటింటి గడప దాటితే ఊరుకోనని ముందే చెప్పేశాను.

రాజేశ్వర్ మాత్రం ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. గిన్నెలో నీళ్లు వేడెక్కుతాయని రోజుకు నాలుగుసార్లు మార్చేవాడు. నడకకు తీసుకెళ్లే ముందు అరచేతి వెనకవైపు నేలకు ఆనించి చూసేవాడు. తన చెయ్యి ఓర్చుకోలేని వేడి దాని పాదాలకు వద్దనేవాడు. బర్క్ ఆ బూట్లను ఒక్కరోజూ ఉంచుకోలేదు, అందుకని తెల్లవారకముందే నడిపించుకొచ్చేవాడు. మెడపట్టీ ఒక్కటే అతనికి నచ్చలేదు. రెండు వేళ్ల మధ్య నలిపి, "గిది తోలు కాదు భాయ్. అట్టకు రంగేసిండ్రు" అన్నాడు. వ్యవసాయం చేసేవాడికి ఇదెలా తెలిసిందా అని అప్పుడే అనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి ఆ పట్టీయే కొంప ముంచింది. సలూకీకి మెడకంటే తల సన్నం. భయపడి వెనక్కి గుంజుకుందంటే పట్టీ తలమీదుగా జారి చేతిలోనే మిగిలిపోతుంది. బిగించి కడితే దగ్గుతుంది. అర్బాబ్ ఇంకో రెండు రకాలు కొన్నాడు. మెడకు కాకుండా ఛాతీ చుట్టూ తొడిగేది కూడా తెచ్చాడు. అన్నీ లావు కుక్కల కొలతలే. బర్క్ అన్నింట్లోంచీ బయటపడింది. మొదటిసారి పక్క తోట ఒంటెల్లోకి దూరింది. రెండోసారి పెద్ద రోడ్డెక్కింది. లారీ బ్రేకు చప్పుడు నా వంటింట్లోకి వినబడింది. కుక్కకు ఏం కాలేదు గానీ, దాని వెనకే పరిగెత్తిన రాజేశ్వర్ మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి.

సాయంత్రం అర్బాబ్ వచ్చాడు. గొంతు పెంచలేదు. "ఇంకొక్కసారి రోడ్డెక్కితే కుక్క ఫుజైరాలో మా తమ్ముడి దగ్గరికి, నువ్వు ఇండియాకు. ఖలాస్" అన్నాడు. నెల తిరగ్గానే సలూకీల పరుగుపందెం ఉంది. అంత జనం, అన్ని కార్ల హారన్ల మధ్య బర్క్ బెదరకుండా ఉండదని అందరికీ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం ఉల్లిపాయల కోసం స్టోర్‌రూమ్‌కి వెళ్తే, రాజేశ్వర్ తలుపు ఓరగా వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో పాత గుర్రపు జీను తోలు, చేతిలో ఆ దబ్బనం. నన్ను చూసి దాచబోయి, ఆగాడు.

"ఇది దబ్బునం కాదు భాయ్. ఆరె. తోలు కుట్టేది. మా నాయినది."

"మరి నాతో అబద్ధమేల చెప్పినావప్పా?"

"మఫ్రఖ్‌ల మా దిక్కోల్లే ఎనిమిది మందిమి ఒక్క రూముల ఉంటిమి. మాది తోలు పని చేసే ఇల్లని తెలిసిన తెల్లారి, ఒగాయన తిననీకి కూసుండి తన పళ్లెం గోడ దిక్కు జరుపుకున్నడు. ఒక్క మాట అనలే. జరుపుకున్నడు, గంతే. ఇక్కడ రత్నాకర్ ఉన్నడు. మా జిల్లానే. ఆయనకు తెలుస్తే?"

రత్నాకర్ మా గదిలో మూడోవాడు, ట్రాక్టరు నడుపుతాడు. నాకు ఒళ్లు మండింది. రాజేశ్వర్ మీద కాదు, ఆ గోడవైపు పళ్లెం మీద.

"తెలిస్తే తెలీనీలేప్పా! ఆ చేతిలో అంత పని పెట్టుకోని మట్టలు కొడ్తావుండావా? కుట్టు! నేను తలుపుకాడ కూర్చుంటా" అన్నాను.

అలా నాలుగు మధ్యాహ్నాలు కుట్టాడు. కోడెదూడలు కూడా తల వెనక్కి గుంజి కట్టు విడిపించుకుంటాయట. దానికి వాళ్ల నాన్న రెండు ఉంగరాల పట్టీ కుట్టేవాడట. నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ, రెండు కొనలకూ ఉంగరాలు, ఆ ఉంగరాల్లోంచి ఇంకో చిన్న తోలు వారు. తాడు కట్టేది ఆ వారుకే. జంతువు గుంజితే పట్టీ మెడ కొలత దాకా బిగుస్తుంది, అక్కడ ఆగుతుంది. ఊపిరి ఆడుతుంది, తల రాదు. లోపల మెత్తగా ఉండాలని అతనంటే నా కొత్త లుంగీ అంచు చించి ఇచ్చాను. కుట్లు లెక్కపెట్టినట్టు ఒకే దూరంలో పడుతుంటే నా ఉల్లిపాయలు మరిచిపోయి చూశాను.

పందెం రోజు పొద్దున బర్క్ కొత్త పట్టీతో దిగింది. అర్బాబ్ దాన్ని ఒకసారి చూసి ముందుకు నడిచాడు. మైదానం పక్కనే రోడ్డు. మేం జనంలోంచి నడుస్తుండగా మా వెనకే ఒక బండి గట్టిగా హారన్ కొట్టింది. బర్క్ ఎగిరిపడి, తల వంచి, ఎప్పటిలాగే ఒంటిని మెలితిప్పి వెనక్కి గుంజింది. నా చేతులు నెత్తిమీదికి పోయాయి. పట్టీ బిగిసింది, ఆగింది. బర్క్ ఇంకోసారి గుంజింది. రాలేదు. దగ్గలేదు కూడా. చివరికి విసుగొచ్చి రాజేశ్వర్ కాళ్ల దగ్గర కూర్చుంది. రాజేశ్వర్ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

పక్కనున్న ఇంకో తోట యజమాని వంగి పట్టీని పట్టుకుని చూశాడు. ఏ షాపులో కొన్నారన్నాడు. అర్బాబ్ రాజేశ్వర్ వైపు తిరిగాడు. నీళ్ల డబ్బా మోసుకొచ్చిన రత్నాకర్ అక్కడే ఉన్నాడు. నాకు నోరు దురద పెట్టింది, పళ్లు బిగబట్టుకున్నాను. చెప్పాల్సింది నేను కాదు.

"షాప్ కా నహీ, అర్బాబ్. మైనే సియా" అన్నాడు రాజేశ్వర్, షాపుది కాదు, తనే కుట్టానని. తర్వాత రత్నాకర్ వైపు తిరిగి, మన భాషలో, అందరికీ వినబడేలా అన్నాడు: "మాది తోలు పని చేసే ఇల్లు, రత్నాకర్. మా తాత బాయి మోటలకు తోలు బొక్కెనలు కుట్టిండు. మా నాయిన ఎడ్లకు పట్టీలు కుట్టిండు. గిది నేను కుట్టిన."

అర్బాబ్ అతని భుజం మీద చెయ్యి వేసి, ఇలాంటివే ఇంకో రెండు కుట్టి పెట్టమన్నాడు. ఆ రోజు బర్క్ పందెంలో నాలుగోది వచ్చింది, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

తోటకు తిరిగొచ్చి అన్నానికి కూర్చున్నాం. రాజేశ్వర్ పక్కన రత్నాకర్ పళ్లెం. నేను పప్పు గరిటె పట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్తున్నాను, అతను ఆ పళ్లెం గోడవైపు ఒక్క అంగుళం జరిపినా ఆ వేడి పప్పు నెత్తిన పోసేవాణ్ణి. రత్నాకర్ పళ్లెంలోకే చూస్తూ చాలాసేపు అన్నం కలిపాడు.

"అన్నా, నాకు నేర్పిస్తవా?" అన్నాడు చివరికి.

రాజేశ్వర్ ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగి, అప్పుడు చెప్పాడు.

"నేర్పిస్త. కని దూరం కూసుంటే రాదు. మా నాయిన నా చెయ్యి పట్టుకోని నేర్పిండు. దా, గిట్ల దగ్గరికి జరుగు."

రత్నాకర్ పళ్లెంతో సహా దగ్గరికి జరిగాడు. నేను ఇద్దరికీ పప్పు వడ్డించాను.