టిక్కుల బావగారు

ఫ్యాక్టరీలో సేఫ్టీ సూపర్‌వైజర్ పరీక్ష మూడుసార్లు తప్పిన బావగారు, నాలుగోసారికి మళ్ళీ మఠం వేసుకుని కూర్చున్నారు. ప్రథమ చికిత్స పుస్తకంలో ఒక పేరా చదువుతారు, కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పుకుంటారు, ఒక్క ముక్క తప్పకపోతే పక్కన ఎర్ర టిక్కు పెడతారు. "అర్థమయిందా?" అని అక్క అడిగితే, "టిక్కు కనపడట్లా?" అని కసురుతారు. మొన్న నాలుగేళ్ళ కూతురు వేడి పెనం పట్టుకుని కెవ్వుమంది. బావగారు లేవలేదు, కళ్ళు మూసుకున్నారు. "కాలిన గాయాలు మూడు రకాలు. మొదటి రకం..." ఈలోగా అక్క పిల్లను ఎత్తుకుపోయి చెయ్యి కుళాయి కింద పెట్టింది. "ఆగవే, నీళ్ళు ఐదో పాయింటు!" అని అరిచారు. పిల్ల ఏడుపు తగ్గాక, అంత గోలలోనూ పొల్లుపోకుండా అప్పజెప్పినందుకు, ఆ పేరా పక్కన రెండో టిక్కు పెట్టుకున్నారు.