పట్టపగలు మా ఇంట్లో చీకటి పడిన రోజు

ఆ రోజుల్లో డాక్టరు ఒక మాట చెబితే, దానికి నాలుగు మాటలు నేనే కలిపి వైద్యం చేసేసేదాన్ని. కొత్తగా పెళ్లయి మల్కాపురంలో కాపురం. మా ఇంటాయనకి అచ్యుతాపురం కంపెనీలో అప్పుడే నైట్ డ్యూటీ వేశారు. పొద్దున్నే వచ్చి మంచమెక్కి ఫ్యాను రెక్కలు చూస్తూ పడుకునేవారు. నిద్ర మాత్రం రాదు. డాక్టరమ్మకి చూపిస్తే, మెదడులో ఒక గడియారం ఉంటుందనీ, చీకటి పడితే నిద్రని పిలిచే మెలటోనిన్ అనే రసాయనం ఊరుతుందనీ, కంటికి వెలుతురు తగిలితే ఆగిపోతుందనీ చెప్పింది. ఆ గడియారం ఒక్కరోజులో తిరగదు, మెల్లగా అలవాటవ్వాలి అని కూడా అంది. (ఆ ముక్క నేను వినిపించుకోలేదు.)

మర్నాడే పగటిని రాత్రి చేసేశాను. కిటికీలకి పడవ మీద కప్పే టార్పాలిను, గోడ కంతలకి అన్నం మెతుకులతో అంటించిన పేపర్లు. "ఏటే కోడలా, నా ఇంట్లో నన్నే తడుంకుంటా తిరగమంతన్నావా?" అని అత్తమ్మ అరిచింది. "మీ అబ్బాయి మెదడులో మందు ఊరాలత్తా!" అన్నాను.

ఆ రోజే మా ఆడపడుచుకి పెళ్లిచూపులు. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి, ఇదైనా కుదరాలని అత్తమ్మ మొక్కని దేవుడు లేడు. ఎలమంచిలి వాళ్లు సాయంత్రం వస్తామన్నారు. తెల్లవారకముందే లేచి బూరెలు వండిన మేం ముగ్గురు ఆడవాళ్లం, ఆ చీకట్లో కాసేపని నడుం వాల్చాం. అంతే!

వాళ్లు మిట్టమధ్యాహ్నమే దిగిపోయారు. అప్పుడు ఇంట్లో మెలకువగా ఉన్నది, ఎవరి కోసం ఇదంతా చేశానో ఆయనొక్కరే! లుంగీతోనే టీ పెట్టి, సెల్‌ఫోన్ లైటుతో గ్లాసులు అందించారట. పెళ్లికొడుకు తల్లి గొంతుకి నాకు మెలకువొచ్చింది.

"ఏటి బాబూ, మీ ఆడోళ్లందరికీ ఏటి జబ్బు?"

"ఆల్లకి నేదండి, నాకే. ఆల్లు వైద్యం సేత్తన్నారు."

పిల్ల పెళ్లి చెడగొట్టానని గబగబా టార్పాలిను లాగాను. వెలుతురు పడితే ఏముంది, చాప మీద మా ఆడపడుచు నోరు తెరిచి గురక. కుర్చీలో పెళ్లికొడుకు అంతకన్నా గట్టిగా గురక!

"మావోడిది ఎప్పుడూ నైట్ డ్యూటీయే. డ్యూటీ దిగి తిన్నగా ఇటే వచ్చేడు," అని ఆవిడ కొడుకుని ముద్దుగా చూసుకుంది. "ఈడు పగలు ఇంత సుఖంగా తొంగోడం నాను సూడనేదు. పిల్ల లేసాక ఒక్కటడగాల. ఈడికోసం రోజూ ఇలాగ సీకటి సేత్తాదా?"

మా ఆడపడుచు కళ్లు తెరవలేదు. "సేత్తాను గానీ, ముందు ఆ టార్పాలిను ఎయ్యండి!"

సంబంధం అక్కడికక్కడే కుదిరిపోయింది. మా ఇంటాయన నిద్ర కొన్నాళ్లకి దానంతటదే దారిన పడింది, అందులో నా గొప్పేం లేదు. అయినా లోకంలో మెదళ్లన్నీ తనే బాగుచేయాలన్నట్టు కొంగు బిగించి తిరిగిన ఆ కొత్తకోడలు తలపుకొస్తే, ఇప్పటికీ దాని బుగ్గ గిల్లాలనిపిస్తుంది.