కూర్చోమనని ఇల్లు

మా మేడమీద గదిలో ఉండే ఆయన్ని వీధి వీధంతా బంగళా అన్నయ్య అంటుంది. ఆ పేరు తగిలించింది నేనే. కింద గదిలో కుట్టుమిషన్ వేసుకుని, వదులైన బట్టలు బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, జిప్పులు మార్చడం నా పని. నా నోరూ అంతే, మిషన్ ఆడినంతసేపూ ఆడుతూనే ఉంటుంది. ఆయన అద్దెకు దిగిన కొత్తలో కాలర్ చిరిగిన చొక్కా ఒకటి తెచ్చి, తిప్పి కుడతావా అమ్మా అని అడిగాడు. నేను కుడుతున్నంతసేపూ నిలబడే ఉన్నాడు. కూర్చోండి అంటే, "ఫరవాలేదమ్మా, మా ఇంట్లో కూడా నేను నిలబడే ఉంటాను" అన్నాడు.

"మీ ఇల్లెక్కడండీ?"

"నది పక్కన. పాత బంగళా."

అంతే! నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ రోజు నుంచి సాయంత్రం ఆయన మెట్లెక్కబోతుంటే ఆపి, ఆ ఇంటి కబుర్లు లాగడం నాకు అలవాటైపోయింది. పెద్దమ్మగారి గదిలో నిలువెత్తు అద్దం ఉందట, ఒక మూల బీటవారిందట. మేడమెట్లలో మూడోది కాలు పెడితే మూలుగుతుందట. పొద్దున్నుంచీ వచ్చేపోయే జనమేనట.

"అంతమందికీ వంటెవరు చేస్తారండీ?" అన్నాను ఒకసారి.

"మా ఇంట్లో పొయ్యి వెలిగించి చాలా ఏళ్ళయిందమ్మా."

ఓహో, అన్నీ హోటల్ నుంచే వస్తాయి కాబోలు అనుకున్నాను. అంత ఇల్లు పెట్టుకుని ఈ ఇరుకు గదిలో పడుకోవడమేమిటని అడిగితే, రాత్రిపూట అక్కడ ఎవరూ ఉండకూడదన్నాడు. పాత ఇల్లు కదా, దయ్యాల భయమేమో అనుకున్నాను. కాలర్ తిప్పించుకోవడం మాత్రం ఉన్నవాళ్ళ పిసినారితనం కింద జమకట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నాకున్న కోరిక ఒక్కటే. ఆయన నన్నొకసారి ఆ ఇంటికి పిలవాలి. బంగళా చూద్దామన్న సరదా కాదు. మా ఆయన పోయాక నన్ను తమ ఇంటికి రమ్మన్న పాపాన ఒక్కరూ పోలేదు. బట్టలివ్వడానికి వస్తారు, పుచ్చుకోవడానికి వస్తారు, గుమ్మం అవతలే నిలబడి మాట్లాడి పోతారు. నేను తీసుకెళ్ళి ఇచ్చినా అంతే, గుమ్మం దగ్గరే అందుకుంటారు. "రా, లోపలికొచ్చి కూర్చో" అని ఎవరైనా అంటే వినాలని ప్రాణం కొట్టుకునేది. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"మమ్మల్ని పిలవరా అన్నయ్యగారూ మీ ఇంటికి?"

ఆయన మొహం అదోలా అయింది. "పిలవడానికేముందమ్మా... ఎవరైనా రావచ్చు" అని గబగబా మెట్లెక్కేశాడు.

ఎవరైనా రావచ్చట! అదీ ఒక పిలుపేనా? నాకు ఒళ్ళు మండిపోయింది. కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాను గానీ, నోరు కట్టేసుకుని నేనెన్నాళ్ళుంటాను? మళ్ళీ మామూలే.

ఇంతలో మా ఆడపడుచు కళ్ళ పరీక్షకని వచ్చింది. వచ్చిన రోజే ఆయన్ని మెట్ల మీద చూపించి, "నది పక్క బంగళా వాళ్ళదే. నన్ను సొంత చెల్లెలిలా చూస్తారు" అని గొప్పలు పోయాను. కళ్ళజోడు చేతికి రాగానే, కొత్త కళ్ళతో ఊరు చూడాల్సిందేనని ఆవిడ పట్టుబట్టింది. పాతకాలం ఇల్లొకటి ఉన్నదున్నట్టుగా మ్యూజియం చేసి ఉంచారని ఎవరో చెప్పారట. సరేనని బయల్దేరాం. బస్సు నది పక్కన ఆగినప్పుడు కూడా నా బుర్రకి ఏమీ తట్టలేదు.

లోపల మేడమెట్లెక్కుతుంటే మూడో మెట్టు మూలిగింది. మళ్ళీ కాలేసి చూశాను, మళ్ళీ మూలిగింది. పైన ఒక గదికి అడ్డంగా ఎర్రతాడు కట్టి ఉంది. తాడు అవతల మంచం, దుప్పటి, వెండి దువ్వెన, మూల బీటవారిన నిలువెత్తు అద్దం. ఆ అద్దంలో, కింద గేటు దగ్గర కాపలావాడికి ఉన్నలాంటి గోధుమరంగు కోటు తొడుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మనిషి.

"ముట్టుకోకండమ్మా" అన్నాడు, దుప్పటి అంచు పట్టి చూద్దామని తాడు మీంచి వంగిన మా ఆడపడుచుతో. ఆ తర్వాత నన్ను చూశాడు.

"వదినా, ఈయన మీ బంగళా అన్నయ్య కాదూ?" అందావిడ. కొత్త కళ్ళజోడు మరి, అన్నీ కనిపిస్తాయి!

"కాదు. ఈయనెవరో నాకు తెలీదు. పద" అన్నాను.

ఆయన పరువు కాపాడటానికే అలా అన్నానని చెప్పుకోవచ్చు గానీ, ఆ నిమిషంలో నేను చూసుకున్నది నా పరువే. ఆడపడుచు ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మెల్లగా అద్దం వైపు తిరిగి నిలబడ్డాడు. కిందికి దిగుతుంటే వంటగది కనిపించింది. పొయ్యిలో బూడిద కూడా లేదు. ఆయన చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఒక్క అబద్ధమూ దొరకలేదు. మా ఇల్లు అన్నాడు, అంతే. పగలంతా ఉండే చోటుని మా ఇల్లు అనక ఇంకేమంటాడు? మిగతాదంతా నేను కుట్టుకున్నదే.

ఆ సాయంత్రం నుంచి ఆయన నా గుమ్మం ముందు ఆగడం మానేశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లెక్కేవాడు. మా ఆడపడుచు వెళ్ళిపోయింది. ఇల్లు బోసిపోయింది. సాయంత్రమయ్యేసరికి నాకేమీ తోచేది కాదు, ఉత్తినే మిషన్ చక్రం తిప్పుతూ కూర్చునేదాన్ని. ఒకరోజు ఇంటి ఓనరమ్మ వచ్చి, "మేడమీద గది ఖాళీ చేస్తాడట, మంచివాళ్ళెవరైనా ఉంటే చెప్పు" అంది.

మ్యూజియం సెలవు రోజు చూసుకుని పైకి వెళ్ళాను. ఆయన తలుపు కొంచెం తీసి, అడ్డంగా నిలబడ్డాడు.

"మీ ఇంటికి వచ్చాం అన్నయ్యగారూ" అన్నాను. గొంతులోకి కోపమే ముందొచ్చింది. "వచ్చాం, చూశాం, పోయాం. కూర్చోమని ఒక్క మాటన్నారా?"

ఆయన తలొంచుకున్నాడు. "అక్కడెవరూ కూర్చోకూడదమ్మా. నేనే ఎప్పుడూ కూర్చోలేదు."

"మరి ఇక్కడ?"

ఆయన పక్కకి జరిగాడు. "రామ్మా. కూర్చో."

ఎన్నేళ్ళనుంచో వినాలనుకున్న మాట! తీరా విన్నాక ఏడుపొచ్చింది. గదిలో చుట్టి పెట్టిన పరుపు, ఒక కుర్చీ, గోడకి మేకు, మేకుకి నేను కాలర్ తిప్పిన చొక్కా. ఒక్క ఫోటో అయినా లేదు. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆయన గోడ పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"మీరెవరో తెలీదన్నాను. తప్పయిపోయింది" అన్నాను.

ఫరవాలేదన్నట్టు తలూపాడు. అలవాటు కొద్దీ, "ఈ ఇంటి కబుర్లు చెప్పండి" అన్నాను.

ఆయన గది నాలుగు మూలలూ చూశాడు. "ఇక్కడేముందమ్మా చెప్పడానికి? ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. నువ్వే మొదలు" అన్నాడు.

నేను లేచి కిందికి వెళ్ళి, మిషన్ ముందుండే నా స్టూలు మోసుకొచ్చి ఆయన ముందు వేశాను. "దీన్ని ముట్టుకోవచ్చు" అన్నాను. నవ్వలేదు గానీ, కూర్చున్నాడు.

గది ఖాళీ చేయలేదు. స్టూలు ఇంకా పైనే ఉంది. నేను డబ్బా ఒకటి బోర్లించుకుని దాని మీద కూర్చుని కుడుతున్నాను. నడుం పడిపోతోంది, అయినా దాన్ని కిందికి తెచ్చుకోబుద్ధి కావడం లేదు.