మాధురి ఇంటి పాచినీళ్ళు

సరోజ గారికి అసూయ ఎక్కువ. ఈ మాట నేను చాటుగా అనడం లేదు, ఆవిడే ఒప్పుకుంటుంది. "నాకు కడుపుమంట ఎక్కువే అమ్మాయ్, పుట్టుకతో వచ్చింది, ఏం చెయ్యమంటావ్?" అని మా అరుగు మీద కూర్చుని చెబుతుంది. చుండూరులో చిన్నప్పుడు చెల్లెలి జడ తన జడకంటే బారుగా ఉందని, ఆ పిల్లకి తల దువ్వే పని పడ్డప్పుడల్లా చిక్కు లేనిచోట కూడా గట్టిగా లాగేదట. పెళ్ళై తెనాలి వచ్చాక లాగడానికి జడ లేకపోయింది గానీ, ఓర్వలేకపోవడానికి తోడికోడలు దొరికింది.

ఆ తోడికోడలి పేరు మాధురి. రేపల్లె పిల్ల. గంగానమ్మపేటలో మా ఎదురింట్లో కింద వాటా సరోజ గారిది, పై వాటా మాధురిది. అన్నదమ్ములిద్దరూ కలిసి ఎరువుల కొట్టు నడుపుకుంటారు, వాళ్ళ మధ్య ఏ గొడవా లేదు. గొడవంతా ఆడవాళ్ళ మధ్యే, అదీ ఒకవైపు నుంచే. మాధురికి పగ పట్టేంత ఓపిక లేదు. దండెం మీద బట్టలు మళ్ళీ వాన వస్తే గానీ తియ్యదు. సింకులో గిన్నెలు వదిలేసి టీవీ ముందు నిద్రపోతుంది. అయినా ఆవిడ పెరుగు కత్తితో కోసినట్టు పేరుకుంటుంది, ఆవిడ కుండీలో మల్లె విరగబూస్తుంది. సరోజ గారేమో ప్రతి శుక్రవారం గడప నుంచి పెరటి తూము దాకా కడిగి, తుడిచి, పసుపు రాస్తుంది. అయినా ఆవిడ పెరుగు నీళ్ళోడుతుంది. ఏ మనిషి భరిస్తుంది చెప్పండి?

చేపల తొట్టి కూడా ముందు మాధురే పెట్టింది. చిన్న తొట్టి, అద్దానికి ఒక పక్క పచ్చగా పాచి, అందులో హాయిగా తిరిగే నాలుగు చేపలు. వచ్చినవాళ్ళంతా పైకెళ్ళి చూసి, కిందకి దిగేటప్పుడు "ఎంత బాగున్నాయండీ" అని సరోజ గారితో చెప్పడం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా కింద వాటాలో అంతకంటే పెద్ద తొట్టి వెలిసింది. లోపల రంగురాళ్ళు, ప్లాస్టిక్ పగడపు చెట్టు, పైన నీలం లైటు.

శుక్రవారం వచ్చింది. ఇల్లంతా కడిగి తొట్టిని వదిలేస్తే ఆవిడ లెక్కలో ఇల్లు కడగనట్టే. చేపల్ని బకెట్లోకి తీసి, పాత నీళ్ళు మొత్తం మొక్కలకి పోసి, రాళ్ళని గిన్నెల సబ్బుతో, పీచుతో తోమి, ఎండబెట్టి, మున్సిపాలిటీ పంపు నీళ్ళు అంచు దాకా నింపింది. తొట్టి కొత్త గాజులా మెరిసింది. తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలి ఉన్నాయి. ఆవిడ భర్త వెంకట్రామయ్య గారు పాపం చేపల కొట్టుకెళ్ళి మళ్ళీ చేపలు తెచ్చారు. మళ్ళీ శుక్రవారం వచ్చింది.

మా వీధిలో చేప చచ్చిపోతే ఓదార్చే తీరు ఒకటుంది. "పోనీండి, మీ ఇంటికి రావాల్సిన గండం దాని మీద పోయింది" అంటారు. మొదట్లో ఆ మాట సరోజ గారికి ఊరటగానే ఉండేది. పోనుపోను ఆవిడకి వేరే ఆలోచన పుట్టింది. "పైన ఒక్క చేపా చావదేంటి? అంటే దానికి గండాలే రావా? అన్నీ నా ఇంటికేనా?" అని నా మీదకి లేచింది, ఆ గండాలు నేను పంచిపెడుతున్నట్టు. ఆ సాయంత్రం ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని తొట్టికి దిష్టి తీసింది. గాజు తొట్టికి దిష్టి తియ్యడం నేను చూడ్డం అదే మొదలు.

మాధురి చెప్పకపోలేదు. "అక్కా, నీళ్ళన్నీ ఒక్కసారే మార్చకూడదు. కొంచెం తీసి కొంచెం పొయ్యాలి. పంపు నీళ్ళలో బ్లీచింగ్ ఉంటుంది, ఒక రోజు బకెట్లో ఉంచి పోస్తే మంచిది" అంది. సరోజ గారు ఒంటికాలి మీద లేచింది. "పాచి పట్టిన తొట్టి పెట్టుకుని నువ్వు నాకు శుభ్రం నేర్పుతావా?" అంది. మాధురి సరేనని పైకెళ్ళి పడుకుంది.

ఇన్ని చేపల్లో ఒక గోల్డ్‌ఫిష్ మాత్రం మొండిది. నారింజ రంగు, మూతి మీద నల్లమచ్చ. శుక్రవారాలన్నీ తట్టుకుని నిలబడింది. దానికి బంగారి అని పేరు పెట్టుకుంది సరోజ గారు. ఆవిడ గాజులు గలగలమంటే చాలు, తోకాడించుకుంటూ అద్దం దగ్గరికి వచ్చేది. ఒకసారి మాధురి కిందకి వచ్చి గాజు మీద వేలు పెడితే అది కదల్లేదు. ఆ సంగతి సరోజ గారు మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. మాధురిని కాదని తన దగ్గరికి వచ్చిన ప్రాణి, ఆ పిల్ల కాపురానికొచ్చాక అదొక్కటే.

అలాంటి బంగారి ఒక శుక్రవారం కడుగుడులో బకెట్లోంచి ఎగిరి నాపరాళ్ళ మీద పడింది. తోక చీలింది, పొట్ట పక్కన పొలుసులు లేచిపోయాయి. ఆదివారానికి ఆ గాయం మీద దూదిలాంటి తెల్లటి బూజు పట్టింది. తిండి మానేసి అడుగున ఒరిగి కూర్చుంది. చేపల కొట్టువాడు ఇచ్చిన నీలం మందు పోస్తే నీళ్ళు నీలమయ్యాయి గానీ చేప లేవలేదు.

"ఇంకోటి తెద్దాంలే సరోజా" అన్నారు వెంకట్రామయ్య గారు.

"ఇంకోటి పైన కూడా ఉందండీ! ఇది నాది" అని ఆవిడ ఏడ్చేసింది. అప్పుడు అర్థమైంది మా అందరికీ, ఆవిడ బాధ తొట్టి గురించి కాదని.

సోమవారం పొద్దున బంగారిని గిన్నెలో పెట్టుకుని మెట్లెక్కింది. సగం ఎక్కి దిగింది. మళ్ళీ ఎక్కింది. తలుపు తట్టి, లోపలికి అడుగు పెట్టకుండానే "ఇదిగో, నీకు సంబరంగా ఉంటుంది, చూడు" అంది.

మాధురి చేపని చూసి నిద్రముఖంతోనే పనిలోకి దిగింది. ఒక ప్లాస్టిక్ టబ్బులో తన తొట్టి నీళ్ళే పోసి, గాలి గొట్టం పెట్టి, కాస్త కల్లుప్పు కరిగించి, అందులోకి బంగారిని వదిలింది.

"బతుకుతుందా?"

"చెప్పలేనక్కా. గాయం పెద్దది. ఊరికే చెయ్యి పెట్టి కదపకపోతే సగం బతికినట్టే."

ఆ రోజు నుంచి సరోజ గారు పొద్దునా సాయంత్రం పైకెక్కింది. బూజు రాలింది. చీలిన తోక అంచున పల్చగా కొత్త పొర వచ్చింది. ఒక సాయంత్రం వెళ్ళేసరికి బంగారి మాధురి వేళ్ళ మధ్య నుంచి మేత తింటోంది. గాజులు గలగలలాడించినా తిరగలేదు. సరోజ గారి కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది.

"రేపే తీసుకెళ్ళిపోతాను" అంది.

"తీసుకెళ్ళక్కా. కానీ ఈ నీళ్ళు కూడా తీసుకెళ్ళు, ఈ ఫిల్టరు స్పాంజీ కూడా. కడగకుండా నీ తొట్టిలో పెట్టు."

"ఈ పాచినీళ్ళా? నా తొట్టిలోనా?"

"చేప విడిచిన మురికిని తినే క్రిములు ఇందులోనే ఉంటాయి. నువ్వు ప్రతి శుక్రవారం వాటిని కడిగేస్తున్నావు, అందుకే నీ దగ్గర చేపలు నిలవట్లేదు. తోడు లేకుండా పెరుగు పేరుకోదు కదా, ఇదీ అంతే."

"పెరుగు మాటెత్తకు" అంది సరోజ గారు.

ఆ రాత్రి ఆవిడకి నిద్ర లేదని మర్నాడు కళ్ళు చూస్తేనే తెలిసింది. బంగారిని పైనే వదిలేస్తే బతుకుతుంది, కానీ మాధురిదైపోతుంది. కడిగిన తొట్టిలోకి తెచ్చుకుంటే తనదే, కానీ చచ్చిపోతుంది. ఇక మిగిలింది మాధురి ఇంటి మురికిని చేతులారా తెచ్చి తన ఇంట్లో పోసుకోవడం. పదకొండు గంటలప్పుడు ఆవిడ పచ్చటి నీళ్ళ బకెట్ మోసుకుంటూ మెట్లు దిగడం మా కిటికీలోంచి చూశాను. మొహం పక్కకి తిప్పుకుని పోసింది. నల్లటి స్పాంజిని రెండు వేళ్ళతో పట్టుకుని లోపల పెట్టింది. తర్వాత చేప.

శుక్రవారం రానే వచ్చింది. కరివేపాకు కోసం నేను వెళ్ళేసరికి గడప, హాలు, వంటిల్లు అన్నీ కడిగి ఉన్నాయి. తొట్టి ముందు ముక్కాలిపీట వేసుకుని సరోజ గారు కూర్చుని ఉంది, చేతిలో పీచు అలాగే ఉంది. అద్దానికి అప్పుడే ఒక మూల పచ్చదనం పాకింది. బంగారి దాన్ని మూతితో గీరుకుంటూ తిరుగుతోంది. ఏదో పని మీద కిందకి దిగిన మాధురి మెట్ల మీద ఆగి చూస్తోంది.

"చూడకు మాధురీ" అంది సరోజ గారు వెనక్కి తిరక్కుండానే. "నువ్వు చూస్తుంటే కడిగెయ్యాలనిపిస్తోంది."

మాధురి పైకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

సరోజ గారి భుజాలు కదులుతున్నాయి. "ఏడుస్తున్నారా పిన్నిగారూ?" అన్నాను.

"కుళ్ళుకుంటున్నాను. నీకేంటి?" అంది. పీచు మాత్రం నా చేతికిచ్చి, తీసుకుపొమ్మంది.