అప్పగింతల్లో వయొలిన్

మావారికి అనకాపల్లిలో ఒక స్టూడియో ఉంది. పేరుకి ఫొటో స్టూడియోయే గానీ, నడిచిందంతా పెళ్ళి వీడియోల మీద. మునగపాక నుంచి కోటవురట్ల దాకా చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళు చాలావరకు ఆయన కెమెరాలోకి ఎక్కినవే. షూటింగ్ సగం పనైతే మిక్సింగ్ సగం పని అంటారాయన. మిక్సింగ్ అంటే పెళ్ళిలో నిజంగా వినిపించిన గోలంతా తీసేసి, బొమ్మ మీద పాటలు వెయ్యడం. తాళి కట్టేటప్పుడు ఒకటి, తలంబ్రాలకి ఒకటి, భోజనాల పంక్తికి ఇంకో హుషారైన పాట. ఇవి రెండేళ్ళకోసారి మారుతూనే ఉండేవి. అప్పగింతలకి మాత్రం ఏళ్ళ తరబడి ఒకటే వేసేరు. అది మాటలున్న పాట కాదు. వట్టి వయొలిన్.

ఆ వయొలిన్ మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. ఒకసారి విశాఖపట్నంలో పాతసామాన్ల దుకాణంలో ఆయనకి సీడీల పెట్టె ఒకటి దొరికింది. అట్ట మీద ఒక విదేశీయుడు భుజానికి వయొలిన్ ఆనించుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. చిన్నప్పుడు నేను వయొలిన్ నేర్చుకున్నానని గుర్తుండి, నాకోసమని పట్టుకొచ్చేరు. అప్పటికి నా వయొలిన్ బీరువా మీద పెట్టెలో పడుకుని ఉంది. హైస్కూల్లో లెక్కలు చెప్పడం, ఇల్లు, వంట, వీటి మధ్య దాన్ని కిందికి దించే వీలే దొరకలేదు.

ఆ మనిషి ప్రపంచమంతా పేరున్న విద్వాంసుడని తరవాత తెలిసింది. ఎప్పుడో మా అమ్మ పెళ్ళినాటి రికార్డింగులవి. వెనకాల సన్నగా బరబరమని చప్పుడు ఉంటుంది. కాన్సర్టోలు అంటారు వాటిని. ఒక పక్క పెద్ద వాద్యబృందం, ఇంకో పక్క ఒకే ఒక్క వయొలిన్. బృందం ఎంత ఉప్పెనలా లేచినా, ఆయన కమాను తీగ మీద పెట్టగానే తగ్గి దారి ఇస్తుంది. ఒక్కో కాన్సర్టోలో మధ్య భాగం నెమ్మదిగా నడుస్తుంది. అందులో ఒకదాన్ని నేను ఆదివారం మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక పెట్టుకునేదాన్ని. మాకు నేర్పిన శ్రుతులకీ రాగాలకీ దానికీ పోలిక లేదు. అయినా విన్నంతసేపూ కదలబుద్ధి అయ్యేది కాదు.

పక్క గదిలో కంప్యూటర్ ముందు కూచున్న మావారు కూడా విన్నారు. అప్పగింతలకి ఇంతకన్నా మంచిది దొరకదన్నారు. బృందం గట్టిగా అందుకునే చోట కత్తిరించి, వయొలిన్ ఒక్కటే ఉన్న ముక్కని తీసుకున్నారు. అలా ఆ పెద్దమనిషి, తనకి తెలీకుండానే, మా జిల్లాలో పెళ్ళికూతుళ్ళందరినీ అత్తవారింటికి పంపించేడు.

నేను రిటైరయ్యేక మళ్ళీ వయొలిన్ దించేను. తీగలు మార్పించి, సరళీ స్వరాల దగ్గర్నుంచి మొదలుపెట్టేను. వేళ్ళు మొరాయించేయి. అయినా కొన్నాళ్ళకి ఒకటి రెండు కీర్తనలు, వినేవాళ్ళు లేచిపోకుండా, వాయించగలిగేను. ఒకరోజు పొద్దున్న కిటికీ దగ్గర కూచుని వాయిస్తూంటే మావారు వెలుగు బాగుందని కెమెరా తెచ్చి వీడియో తీసేరు. నేను పట్టించుకోలేదు.

తరవాత మా ఆడపడుచు ఫోన్ చేసి, వదినా, నీ వాయింపు విని ఏడుపొచ్చింది అంది. నా వాయింపుకి ఏడుపు రావడమేమిటని నాకు అర్థం కాలేదు. మావారు గ్రూపులో పెట్టిన ఆ వీడియోని ఫోన్లో తెరిచి చూసేను. కిటికీ, నేను, నా నీలం చీర. వినిపిస్తున్నది మాత్రం సీడీలోని ఆ విదేశీయుడి వయొలిన్. నేను కమాను ఎత్తినా పాట ఆగలేదు. ఆ చోట మావారు నా బదులు శారదా నది మీద సూర్యాస్తమయం పెట్టేరు.

తీసెయ్యమన్నాను. మావారికి నా బాధ ఏమిటో తెలీనే లేదు. నువ్వు వాయించినదాన్లో లారీల హారన్లు పడ్డాయి, అందుకని మిక్సింగ్ చేసేను, అన్నారు. పెళ్ళి వీడియోలో పాట పెళ్ళికొడుకు పాడేడని ఎవరైనా అనుకుంటారా, ఇదీ అంతే అన్నారు. అప్పటికే అది స్టూడియో గ్రూపులోంచి చుట్టాల గ్రూపుల్లోకి, అక్కణ్ణుంచి ఊళ్ళోకి పోయింది.

లారీల కన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆ పాట ఊళ్ళో అందరికీ తెలుసు. అది తమ పిల్ల అప్పగింతల పాట. దాన్ని నేను వాయిస్తూ కనపడేసరికి, ఇన్నాళ్ళూ ఆ వీడియోల్లో వాయించింది స్టూడియో ఆయన భార్యేనని జనం తేల్చుకున్నారు. మందుల షాపులో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, మా అమ్మాయి పెళ్ళిలో మీ వయొలిన్ ఎన్నిసార్లు విన్నానో అంది. కాదండీ అనడానికి నోరు తెరిచేను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. ఇంకొకాయన రోడ్డు దాటొచ్చి నమస్కారం పెట్టేడు. బజారుకి వెళ్ళడం తగ్గించేను. కానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే మావారి షాపు పరువు పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ మెచ్చుకోలు నాకు ఎక్కడో తియ్యగా ఉండేది.

ఊళ్ళో ఒక సాంస్కృతిక సంఘంవాళ్ళు స్టూడియోకి వచ్చి, నాకు ఆదివారం సాయంత్రం సన్మానం చేస్తామన్నారు. మావారు నన్నడక్కుండానే సరేనన్నారు. ఇంటికొచ్చి చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది. నేను గట్టిగా వద్దనలేకపోయేను.

ఆ వారంలోనే మునగపాక దగ్గర పల్లెనుంచి ఒకావిడ వచ్చింది. నా వయసుదే. చేతిసంచీలో లేత ఆనపకాయ తెచ్చి అరుగు మీద పెట్టింది. చెరుకు పొలం పనికి వెళ్ళే మనిషని చేతులు చూస్తే తెలుస్తోంది. లోపలికి రమ్మంటే గుమ్మం పక్కనే కూచుంది.

"పెళ్ళి కేసెట్లో అప్పగింతలకాడ వాయించేది మీరే కదమ్మా?" అంది.

మళ్ళీ పొగడ్త అనుకున్నాను. మంచినీళ్ళు ఇస్తూ తల పక్కకి తిప్పుకున్నాను. ఆవిడ వచ్చిన పని అది కాదు. ఒక్కతే కూతురు, పెళ్ళైన మరుసటేడు జ్వరమొచ్చి పోయిందట. ఆ పెళ్ళి వీడియో తీసింది మావారే. అప్పగింతల్లో ఆ పిల్ల తల్లి మెడ చుట్టూ చేతులేసి చెవిలో ఏదో చెప్పిందట. ఆ జనంలో, ఆ ఏడుపులో తల్లికి వినపడలేదట.

"తరవాత అడుగుదాం అనుకున్నాను. మర్సిపోనాను. ఇప్పుడు కేసెట్టు ఏసుకుని సూత్తంటే పిల్ల నోరు కదుల్తంది గానీ మాట ఇనపడదు. మీ పాటే ఇనపడతాది," అంది. "మీ పాటకి వంక పెట్టడం కాదమ్మా. దాని కింద పిల్ల మాట ఉందేటో బాబుగార్ని అడిగి సెప్తారని వచ్చేను."

ఆవిడ ఎదురుగా నేలమీద కూచున్నాను. అది వాయించింది నేను కాదని, ఎప్పుడో పోయిన ఒక విదేశీయుడని, నా వీడియోలో ఉన్నది నా వాయింపు కాదని అంతా చెప్పేసేను. ఆవిడ తిడుతుందనో, కనీసం ఆశ్చర్యపోతుందనో అనుకున్నాను.

"ఎవరు వాయిత్తే ఏటమ్మా," అంది ఆవిడ నెమ్మదిగా. "నాకు పిల్ల మాట కావాల."

అన్ని రోజులు గుండెల మీద మోసిన రహస్యం ఆవిడకి ఒక లెక్కలోది కాదు. నేను వాయించేనా ఇంకొకరు వాయించేరా అన్న గోలంతా నాదే, నా గొప్పకి సంబంధించిందే. దొరికిపోతానన్న భయాన్నే సిగ్గనుకున్నాను ఇన్నాళ్ళూ. అసలు సిగ్గు అప్పుడు వేసింది.

మావారు భోజనానికి వచ్చేక చెప్పేను. ఆయన కంచం పక్కకి జరిపేరు. మిక్సింగ్ అయిపోయేక అసలు రికార్డింగు ఉంచడం అలవాటు లేదని, చోటు చాలక చెరిపేస్తూంటామని అన్నారు. అయినా స్టూడియోలో అటక మీద పాత హార్డ్ డిస్కులు ఉన్నాయి, చూస్తానన్నారు. ఆవిడ ఫోన్ నంబరు తీసుకుని పంపించేను. వెళ్తూ వెళ్తూ ఆనపకాయ లేతగా ఉన్నప్పుడే వండుకోమని చెప్పింది.

ఆదివారం సభకి వయొలిన్ పట్టుకుని వెళ్ళేను. దాంతోపాటు ఆ సీడీల పెట్టె కూడా చేతిసంచీలో పెట్టుకున్నాను. ఏం చెయ్యబోతున్నానో మావారికి చెప్పలేదు. చెబితే ఆపుతారు, ఆపితే ఆగిపోతాను. సంఘం కార్యదర్శి మైకు దగ్గర నన్ను ఆకాశానికెత్తేరు. మన ఊరి ఆడపిల్లల కన్నీళ్ళకి స్వరం ఇచ్చిన తల్లి అన్నారు. ముందు వరసలో మావారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూచున్నారు. మైకు నా చేతికొచ్చేక, ఆ పాట నాది కాదండీ అన్నాను. చప్పట్లు కొట్టేరు. వినయమనుకున్నారు. అప్పుడు పెట్టె తీసి, అట్ట మీద బొమ్మ పైకెత్తి చూపించేను. వాయించింది ఈయన, కాన్సర్టో అంటారు, మేం ఒక ముక్క కత్తిరించి వాడుకున్నాం, నాకు వచ్చింది ఒకటి రెండు కీర్తనలు, అని చెప్పేను.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వేరు. కార్యదర్శికి ఏం చెయ్యాలో తోచలేదు. శాలువా కొని పెట్టేరు కదా, దాన్ని నా భుజాల మీద కప్పేసేరు. అంతకన్నా అవమానం ఇంకోటి ఉండదనిపించింది. దాన్ని తీసెయ్యడానికీ లేదు, ఉంచుకోడానికీ లేదు. వయొలిన్ తియ్యకుండానే దిగి వచ్చేను.

ఇంటికొచ్చేక మావారు చొక్కా మార్చుకుంటూ, "నాతో ముందు అనాల్సింది. 'మేం వాడుకున్నాం' అన్నావు, అందరి ముందూ," అన్నారు. ఆయన అన్నదాన్లోనూ న్యాయం ఉంది. నా సిగ్గు నేను దింపుకోడానికి ఆయన్ని కూడా స్టేజీ ఎక్కించేను. ఆ సీజన్లో మాట్లాడుకున్న పెళ్ళిళ్ళు కొన్ని వేరే స్టూడియోకి పోయేయి.

ఆయన రోజూ మధ్యాహ్నం షాపులో అటక మీది డిస్కులు ఒక్కొక్కటీ దింపి చూడడం మొదలుపెట్టేరు. కొన్ని తెరుచుకోలేదు. కొన్నిటి మీద ఊరి పేరు తప్ప ఏమీ రాసి లేదు. ఇక లేదేమో అనుకుంటున్న సమయంలో ఫోన్ చేసి, ఆవిణ్ణి రమ్మను అన్నారు.

స్టూడియోలో కంప్యూటర్ ముందు కుర్చీ వేసి ఆవిణ్ణి కూచోబెట్టేం. మావారు పక్కన నిలబడే ఉన్నారు. మిక్సింగ్ లేని అప్పగింతలు నేను మొదటిసారి వినడం అదే. బ్యాండు వాళ్ళు ఒక పక్క, సన్నాయి ఒక పక్క, కారు వెనక్కి తియ్యమని ఎవరో కేకలు, ముసలమ్మ ఎవరో రాగాలు తీసి ఏడుపు. ఇంత గోలని చెరిపేసి దాని మీద ఆ నెమ్మదైన వయొలిన్ పెట్టేమా అనిపించింది. పసుపు చీరలో పిల్ల వచ్చి తల్లిని వాటేసుకుంది. పెదాలు కదిలేయి. నాకు "అమ్మా" అన్నది ఒక్కటే వినపడినట్టయింది, అదీ గట్టిగా చెప్పలేను. మావారు వెనక్కి తిప్పి సౌండు పెంచి మళ్ళీ వేసేరు. ఈసారి సన్నాయే పెరిగింది.

ఆవిడ మాత్రం తెర దగ్గరికి వంగింది. మళ్ళీ వెయ్యమంది. విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"పెందలాడే తినమంటంది," అంది. "నేను పొద్దోయేక తింటానని దానికి కోపం."

అక్కడ ఆ మాట ఉందో లేదో మా ఇద్దరికీ తెలీదు. మావారు నావైపు చూసేరు. నేను తల దించుకున్నాను. ఆవిడ మాకు దణ్ణం పెట్టబోతే మావారు చేతులు పట్టుకుని ఆపేరు. ఆ వీడియోని ఉన్నదున్నట్టు పెన్ డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చేరు. ఆవిడ దాన్ని రవికెలో దాచుకుని, బస్సు పోతుందని లేచింది.