మునిశామప్ప సిలోను లెక్క

చింతామణిలో మా మండీకి రాగులు, చెనక్కాయలు తెచ్చే రైతులకు నా మీద నమ్మకం లేదు. ఉండాలని నేనూ అనుకోను, వ్యాపారిని. వాళ్ళ నమ్మకమంతా మునిశామప్ప మీద. ముప్పై ఏళ్ళుగా మా మండీలో ధాన్యం కొలిచేది ఆయనే. సేరు నింపి, అరచేత్తో తల గీసి గోతంలోకి వంచితే, అటు రైతు గానీ ఇటు నేను గానీ ఒక్క గింజకు పేచీ పెట్టడానికి లేదు. ఆయనతో నాకున్న చిక్కల్లా అదే.

కొలిచేవాళ్ళు మొదటి సేరును ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా పోతుంది. ఏడు అంటే ఏడుపును పిలిచినట్టని దాన్ని ఆరున్నొకటి అంటారు. ఈ అలవాటు మా వైపు అందరికీ ఉంది. కొలత కాగానే అందరూ మామూలు మనుషులైపోతారు, మునిశామప్ప మాత్రం కాలేదు. ఎన్ని ముద్దలు వెయ్యమంటావని భార్య తిమ్మక్క అడిగితే "లాభం సాలు" అంటాడు. ఏడుకొండలవాడిని కూడా ఆరున్నొక్క కొండలవాడా అని పిలుస్తాడని నా భార్య సులోచనమ్మ అందరికీ చెప్పి నవ్వేది. ఆయన కోపగించుకునేవాడు కాదు. దేవుడికి లేని కోపం మీకెందుకమ్మా అని మాత్రం అనేవాడు.

1959 ఎండాకాలంలో ఆయనకు కొలంబు నుంచి ఉత్తరం వచ్చింది. రాయించింది ఆయన అక్క అక్కయమ్మ. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆమే. ఈయనకు పద్నాలుగేళ్ళప్పుడు మొగుడితో సిలోను పోయి, అక్కడ పూటకూళ్ళ అంగడి పెట్టుకుని, అక్కడే ఉండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు. ఉత్తరం నేనే చదివి వినిపించాను. 'కండ్లు మసకబారతాండాయి తమ్ముడా. ఈ వానాకాలం దాటితే ఏమీ అగుపడదని డాక్టరు చెప్తాండాడు. అంతలోపల ఒకసారి నీ మొగం సూడల్ల.'

మునిశామప్ప ఆ కాగితం మడిచి తలపాగాలో దోపుకున్నాడు.

"శెట్టిగారూ, కొలంబు పోయొచ్చేదానికి ఎంతయితాది?"

"అది పరదేశమప్పా. బాగేపల్లి అనుకున్నావా?"

"అందుకే అడుగుతాండా."

రెండు గొర్రెలు అమ్మిన డబ్బు, తిమ్మక్క దాచిన డబ్బు కలిసి మూడు వందల రూపాయలు ఉన్నాయి. ఆయనకు చదువు లేదు, కాగితం మీద లెక్క పట్టదు. కాబట్టి ఒక సాయంత్రం మండీ నేల మీద గోతం పరిచి, చెనక్కాయకు ఒక రూపాయి చొప్పున మూడు వందల కాయలు లెక్కపెట్టి, కుప్పలుగా పంచడం మొదలుపెట్టాడు. ధనుష్కోడి దాకా రైలుకు ఒక కుప్ప. అక్కడి నుంచి ఓడకు ఒక కుప్ప. తిండికి ఒకటి, అక్కకు చీరకు ఒకటి. ఆ కుప్పల ముందు గొంతుకూర్చుని, చీర కుప్పలోంచి రెండు కాయలు తిండిలోకి, తిండిలోంచి రైలులోకి జరుపుతూ ఆయన పడ్డ బాధ చూస్తే మన దేశపు ఆర్థిక మంత్రులెవరికైనా జాలి కలిగేది.

"సిలోనులో రాగిముద్ద దొరకదంట," అన్నాడు. "పిండి ఎత్తుకొని పోతే తిండిలో నాలుగు రూపాయలు మిగులుతాది."

"ఆ మూట ఎవరు మోస్తారు?"

ఆలోచించి కూలికి ఐదు కాయలు పక్కన పెట్టాడు. నాలుగు మిగిల్చడానికి ఐదు పోతున్నాయని నేను చెప్పలేదు. ఆయనే కాసేపటికి కనిపెట్టి, మూట తానే మోస్తానని ఆ ఐదూ వెనక్కి లాక్కున్నాడు.

ఇంతలో కెంచార్లహళ్ళి నరసింహప్ప తన సరుకు డబ్బుల కోసం వచ్చి గోతం అంచున కూర్చున్నాడు. మా ఊళ్ళో ఎదురుగా చెనక్కాయలు ఉంటే మనిషి చెయ్యి ఊరికే ఉండదు. మాట్లాడుతూ వలిచి నోట్లో వేసుకుంటున్నాడు.

"నరసింహప్పా, ఓడ చార్జీలో మూడు రూపాయలు నమిలేస్తివి కదప్పా," అన్నాడు మునిశామప్ప నీరసంగా.

"అట్లయితే సముద్రం నడిమధ్యలో దింపేస్తారేమో సూసుకో," అని నరసింహప్ప నాలుగోది కూడా వలిచాడు.

మొత్తానికి లెక్క కుదిరింది. అక్కడ ఏడు రోజులు ఉండి వచ్చేట్టు, మూడు వందలు. తిప్పలు పడితే పాసుపోర్టూ వచ్చింది. కానీ మన రూపాయి అక్కడ చెల్లదు. అక్కడా రూపాయే, అయినా వేరే రూపాయి. దీన్ని మునిశామప్పకు అర్థమయ్యేట్టు చెప్పడం ఎలాగా అని నేను గొంతు సవరించుకుంటుంటే ఆయనే, "తెలిసిందిలే, మన సేరు వేరే, బాగేపల్లి సేరు వేరే," అని తేల్చేశాడు. ఆ డబ్బు మార్చుకోవాలంటే బెంగుళూరులో ఒక సర్కారు కచేరీకి అర్జీ పెట్టాలి. ఎందుకు పోతున్నావు, ఎన్నాళ్ళుంటావు, ఎంత ఖర్చు అన్నది ఇంగ్లీషులో టైపు చేసి పంపాలి.

ఇక్కడ తప్పు నాది. పక్కనుండి రాయించాల్సింది, ఆ రోజు చింతపండు ధర దిగుతుంటే దాని వెంట పరిగెత్తాను. బజారులో కొత్తగా టైపు బడి పెట్టిన అయ్యవారి దగ్గరికి ఆయన్ని ఒంటరిగా పంపాను. ఆ అయ్యవారు మైసూరు పట్నంలో పెరిగినవాడు. ఇంగ్లీషు, కన్నడం నీళ్ళలా వచ్చు. తెలుగు మా ఊరికి వచ్చాకే నాలుగు నెలలుగా నేర్చుకుంటున్నాడు. ధాన్యం కొలిచే చోట నిలబడిన పాపాన ఎన్నడూ పోలేదు. అర్ధ రూపాయి తీసుకుని, చెప్పింది చెప్పినట్టు టైపు చేశాడు.

మూడు వారాలకు కచేరీ నుంచి జాబు వచ్చింది. నాకొచ్చిన ఇంగ్లీషుతో రెండుసార్లు చదివి, నమ్మకం చాలక మూడోసారి చదివాను. అందులో ఉన్నది ఇది. 'తమరు అరవై ఒక్క దినాలు ఉంటామని రాసి, ఏడు దినాలకే సరిపోయే ఖర్చు చూపించారు. ఇక ప్రయాణ ఉద్దేశంలో, అక్కను చూపి లాభం పొందుట అని ఉంది. తమ అక్కగారి వల్ల వచ్చే లాభం ఎంత? దాన్ని ఈ దేశానికి ఏ నాణెంలో తెస్తారు? వ్యాపారమైతే అర్జీ వేరు. స్వయంగా వచ్చి సమాధానం చెప్పగలరు.'

మునిశామప్పను కూర్చోబెట్టి అడిగాను. "టైపు అయ్యవారికి ఏమని చెప్పినావు?"

"యాల పోతాండావు అని అడిగినాడు. వరసగా చెప్తిని. లాభం, అక్కను సూసేది. రెండు, బావ సమాధికి దండం పెట్టేది. ఎన్ని దినాలు అన్నాడు. ఆరున్నొకటి అంటిని."

ఆరూ, పక్కన ఒకటీ. అరవై ఒకటి. నాకు పొట్ట చెక్కలయ్యే నవ్వు వచ్చింది, గల్లాపెట్టె పట్టుకుని నవ్వాను. జాబులో ఉన్నది తెలుగులో చెప్పాక ఆయన నవ్వలేదు.

"అక్కను సూపించి దుడ్లు సంపాదిస్తానని రాసినారా?" అన్నాడు.

ఆ మాట అడిగిన తీరుకు నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. నాకు సిగ్గేసింది. అప్పటికే ఆషాఢం వచ్చి వాన మొదలైంది. కొత్త అర్జీ పెట్టి మళ్ళీ జవాబుకు కాచుకునే వ్యవధి లేదు. మర్నాడే చిన్న రైలెక్కి ఇద్దరం బెంగుళూరు పోయాం. ఆ రైలు నడక తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, దారి పొడుగునా నాకు పాఠం చెప్పే తీరిక దొరికింది.

"అక్కడ లాభం కాదు, ఒకటి అనల్ల. ఏడు అనల్ల. యాదీ, ఒకసారి అను."

"మొదటికే ఒకటి అంటే రాశి పెరగదు శెట్టిగారూ. పోయే పని సెడుతాది."

"అనకపోతేనే సెడిందప్పా."

నోరు తెరిచాడు, మూశాడు. యలహంక దాకా అదే పని. ఎదుటి బెంచీలోని ముసలమ్మ ఈయనకు పంటి నొప్పేమో అనుకుని లవంగం ఇచ్చింది.

కచేరీలో అధికారి కళ్ళద్దాల మనిషి, పెద్దవాడు. కన్నడంలో అడిగాడు, ఎన్ని దినాలని. మునిశామప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను కాలు తొక్కాను.

"ఏడు," అన్నాడు చివరికి. ముప్పై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట నేను విన్నది అదే మొదలు.

"ఎంతమంది?"

"ఒకరు సామీ. నేనొక్కణ్ణే."

అధికారి అర్జీ తిరగేసి, మరి ఈ లాభం సంగతేమిటి, అక్క వల్ల లాభమేమిటి అన్నాడు. కొలత అలవాటు గురించి వివరిద్దామని నేను నోరు తెరిచాను. నాకు ఆ అవకాశం రాలేదు.

"మా యమ్మ పోయినప్పుడు నాకు ఆరేండ్లు సామీ," అన్నాడు మునిశామప్ప. ఆయన కన్నడం మాట్లాడుతూ మాట్లాడుతూ తెలుగులోకి జారిపోయాడు. "మా యక్క తాను తినకుండా నాకు ముద్ద పెట్టి సాకింది. ఆయమ్మ దగ్గర తీసుకునే లాభమంతా అప్పుడే తీసుకుంటిని. ఇప్పుడు పోయేది సూసేదానికే."

అధికారికి తెలుగు ఎంత వచ్చో నాకు తెలియదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, అరవై ఒకటిని కొట్టేసి ఏడు వేసి, కింద సంతకం పెట్టాడు. బయటికొచ్చాక నేను ఆయనకు మసాలా దోసె తినిపించాను. నా డబ్బుతో. మా ఇంట్లో ఈ సంగతి ఈ రోజుకీ ఎవరూ నమ్మరు.

ఊరు విడిచిన పదిహేను రోజులకు మునిశామప్ప తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు సేరు పట్టుకున్నాడు. మూడు వందల్లో ఐదు రూపాయలు మిగిల్చాడు. ఓడలో వాంతులతో రెండు పూటలు తిండి తినలేదట, ఆ మిగులు అందువల్ల. రాగిపిండి మూట మాత్రం కొలంబు దాకా సొంత నెత్తి మీదే చేరింది. మధ్యాహ్నం రైతులు పలచబడ్డాక పక్కకు పిలిచి అడిగాను.

"అక్కకు కండ్లు ఎట్లుండాయప్పా? నిన్ను సూసిందా?"

"సూసింది. ఒక పక్క బాగానే అగుపిస్తాది ఇంకా. గడప దగ్గర నిలబడితే తేరిపార సూసి, ఎవురప్పా నువ్వు, ఏం కావల్ల అనింది."

"గుర్తు పట్టలేదా?"

"పద్నాలుగేండ్ల పిల్లోణ్ణి కదా ఇడిసిపెట్టి పోయింది. ఈ నెరిసిన మీసాలోడు ఎవురో అనుకునింది. కడుపులో కాలుతాంటే, సిన్నప్పటి మాదిరే అక్కా ఆకలి అంటిని. అంతే, కండ్లు మూసుకొని ఏడుస్తా రెండు సేతులూ సాపి, వస్తివా తమ్ముడా అనింది."